పాత శాంప్లర్‌లో నాలుగు సెకన్లు ఎక్కువ పిండుకోవడం ఎలా

పాత హార్డ్‌వేర్ శాంప్లర్, అంటే శబ్దాల్ని రికార్డ్ చేసుకుని ప్యాడ్‌ల మీదో కీల మీదో మళ్ళీ వాయించుకునే మెషిన్, చేతికొచ్చిన ఎవరికైనా మొదటి తలనొప్పి మెమరీయే. ఈ-మ్యు ఎస్పీ-1200 సంగతే చూడండి, 1987లో వచ్చింది, మొత్తం కలిపి 10 సెకన్ల శబ్దమే పడుతుంది, అందులో మళ్ళీ ఏ ఒక్క శాంపిల్ (రికార్డ్ చేసిన ఒక్కో శబ్దం) కూడా 2.5 సెకన్లు దాటకూడదు. 90 బీపీఎంలో (నిమిషానికి 90 బీట్లు) ఒక బార్, అంటే నాలుగు బీట్లు, ఎంత ఉంటుందో లెక్కేయండి, 60ని 90తో భాగించి 4తో గుణిస్తే 2.67 సెకన్లు, అంటే ఒక్క బార్ లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) కూడా పట్టదన్నమాట. 96 బీపీఎం అయితే సరిగ్గా 2.5, చివరి చప్పుడు తోక తెగుతుందా లేదా అన్నట్టు ఉంటుంది. దానికి ముందొచ్చిన ఎస్పీ-12 అయితే మామూలు మోడల్‌లో 1.2 సెకన్లే, టర్బో అనే మెమరీ అప్‌గ్రేడ్ వేయించుకుంటే 5. అయినా వీటి మీదే బోలెడు మంది ఆల్బమ్‌లకి ఆల్బమ్‌లు చేశారంటే దాని వెనక కొన్ని చిట్కాలున్నాయి, అవే ఇక్కడ చెప్తున్నా.

ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకోండి, మెషిన్‌లో ఉండేది సెకన్లు కాదు, శాంపిళ్ళు, అంటే ఇక్కడ శబ్దాన్ని కొలిచి రాసుకున్న అంకెలు. బ్రోషర్‌లో సెకన్లని రాస్తారు గానీ అది ఫలానా శాంపిల్ రేట్ (సెకనుకి ఎన్ని అంకెలు అన్నది) దగ్గర అని అర్థం. అకాయ్ ఎస్900కి 750 కేబీ మెమరీ, 40 కిలోహెర్ట్జ్ (సెకనుకి 40,000 అంకెలు) దగ్గర 11.75 సెకన్లు, అదే 7.5 కిలోహెర్ట్జ్‌కి దించితే 63 సెకన్లు. గుణించి చూస్తే రెండు చోట్లా అటూఇటూగా 4,70,000 వస్తుంది, అదీ మన అసలు బ్యాంక్ బ్యాలెన్స్. ఇక మిగతా కథంతా ఆ 4,70,000 అంకెల్ని ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఎక్కడ పిసినారితనం చూపించాలి అనేదే. అన్ని శబ్దాలనీ ఒకే రేట్‌లో ఎక్కించేసి మెమరీ చాలట్లేదని గోల పెట్టేవాళ్ళే ఎక్కువ, నిజానికి సగం మెమరీ మనకి వినపడని దాని మీదే పోతోంది.

రేట్ మార్చుకునే వీలున్న మెషిన్ అయితే మీ పని సులువు. అకాయ్ ఎస్900, ఎస్950లలో శాంపిల్ రేట్ అని అడగదు, ఆడియో బ్యాండ్‌విడ్త్ (ఎంత పై ఫ్రీక్వెన్సీ దాకా కావాలన్నది) అని అడుగుతుంది, దాన్ని 2.5తో గుణిస్తే రేట్ వస్తుంది, 16 కిలోహెర్ట్జ్ పెడితే 40, 6 పెడితే 15, 3 పెడితే 7.5. బేస్ నోట్ తీసుకుంటున్నారనుకోండి, సైన్ వేవ్ లాంటి సబ్ బేస్, దానికి 3 కిలోహెర్ట్జ్ పైన ఏముంది? ఏమీ లేదు, మహా ఉంటే టేప్ హిస్ ఉంటుంది. 7.5లో రికార్డ్ చేసేయండి, ఎవడూ కనిపెట్టలేడు. కిక్‌కి (ధబ్బుమనే పెద్ద డ్రమ్) కాస్త క్లిక్ కావాలంటే 15 చాలు. స్నేర్‌కి (ఛళ్ళుమనే డ్రమ్) 30 పెడితే బాగుంటుంది. హై-హ్యాట్ (జంట తాళాలు), షేకర్ లాంటివి మాత్రం ఫుల్ రేట్‌లో తీసుకోండి, అవి ఎలాగూ బుల్లి శబ్దాలు, మహా అయితే సెకనులో ఆరో వంతు ఉంటాయి, వాటి మీద పొదుపు చేసి లాభం లేదు, పైగా అక్కడ రేట్ తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు అయిపోతుంది.

అంకెల్లో చూద్దాం, అప్పుడే నమ్మకం కుదురుతుంది. అదనపు మెమరీ బోర్డు లేని ఎస్950 (దీనికీ అదే 750 కేబీ), బీట్ 90 బీపీఎం, నాలుగు బార్ల మెలడీ లూప్ ఒకటి, కిక్, స్నేర్, హ్యాట్, ఒక బేస్ నోట్. అన్నీ 40 కిలోహెర్ట్జ్‌లో తీసుకుంటే లూప్ ఒక్కటే 10.67 సెకన్లు, అంటే 4,26,667 శాంపిళ్ళు, కిక్ 0.4 సెకనుకి 16,000, స్నేర్ 0.3కి 12,000, హ్యాట్ 0.15కి 6,000, బేస్ ఒక సెకనుకి 40,000, మొత్తం 5 లక్షలు దాటిపోయింది, మెషిన్‌లో పట్టదు. అదే లూప్‌ని 15లో, కిక్‌ని 15లో, స్నేర్‌ని 30లో, హ్యాట్‌ని 40లో, బేస్‌ని 7.5లో తీసుకుంటే వరసగా 1,60,000, 6,000, 9,000, 6,000, 7,500, కలిపితే 1,88,500. ఇంకా సగానికి పైగా మెమరీ ఖాళీ! లూప్ కాస్త మసగ్గా వస్తుంది నిజమే, కానీ దాని మీద హ్యాట్ ఫుల్ రేట్‌లో మెరుస్తూ ఉంటుంది కాబట్టి మొత్తం బీట్ వినేవాడికి పైన ఏదో తగ్గిందని అనిపించదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం గెలిచినట్టే, తళుకు ఎవరో ఒకరు ఇస్తే చాలు, అందరూ ఇవ్వక్కర్లేదు.

మిగతా మెషిన్లలో ఇంత వెసులుబాటు ఉండదు గానీ కొంత ఉంటుంది. క్యాసియో ఎఫ్‌జెడ్-1లో 36, 18, 9 అని మూడు రేట్లు, 1 ఎంబీలో వరసగా 14.5, 29, 58 సెకన్లు. అకాయ్ ఎస్1000లో 44.1 లేదా 22.05. ఎన్సోనిక్ ఏఎస్ఆర్-10లో 44.1 కాకుండా 29.76 కూడా ఉంది, దాంట్లో ఒకటిన్నర రెట్లు టైమ్ వస్తుంది, సౌండ్ పెద్దగా పోదు, నన్నడిగితే ఆ మెషిన్‌లో ఎప్పుడూ 29.76లోనే ఉంచేయొచ్చు. బాస్ ఎస్పీ-202లో 31.25 నుంచి సగానికి సగం దిగుతూ 3.91 దాకా నాలుగు మెట్లున్నాయి, చివరి మెట్టులో వచ్చేది శాంపిల్ కాదు, పాడైపోయిన రేడియో, అదే కావాలనుకుంటే అద్భుతంగా ఉంటుంది.

ఇక అందరూ చెప్పుకునే టర్న్‌టేబుల్ ట్రిక్. ఎస్పీ-1200 రేట్ 26.04 దగ్గర ఫిక్స్, ఎంపీసీ60 40 దగ్గర ఫిక్స్, అక్కడ రేట్ మార్చే దారి లేదు కదా, అందుకని శబ్దాన్నే కుదించి పంపిస్తాం. 33 రికార్డుని (నిమిషానికి 33.33 చుట్లు తిరగాల్సింది) 45లో తిప్పి శాంపిల్ చేసి, లోపల పిచ్ (స్వరం ఎత్తు) కిందికి దించి వాయిస్తాం. 45ని 33.33తో భాగిస్తే 1.35, అంటే 2.5 సెకన్లలో అసలు పాట 3.37 సెకన్లు పట్టింది. ఇందాకటి 90 బీపీఎం బార్ గుర్తుందిగా, 2.67 సెకన్లది, అది 45లో తిప్పితే 121.5 బీపీఎం అయిపోయి 1.98 సెకన్లలో అయిపోతుంది, హాయిగా పట్టేసింది, పైన అర సెకను మిగిలింది కూడా. టర్న్‌టేబుల్‌లో 78 ఉంటే ఇంకా పండగ, 2.34 రెట్లు, 10 సెకన్ల మెషిన్‌లో 23 సెకన్ల పైచిలుకు మెటీరియల్.

ఇక్కడ చాలామంది గందరగోళపడేది తిరిగి ఎంత దించాలి అని. 1.35 రెట్లు అంటే 5.2 సెమిటోన్లు (కీబోర్డ్‌లో పక్కపక్క కీల మధ్య తేడా ఒక సెమిటోన్, 12 కలిస్తే ఒక ఆక్టేవ్), సరిగ్గా 5 కాదు. సెమిటోన్‌లో భాగాలు కూడా సర్దుకునే మెషిన్ అయితే 5.2 దించేయండి, అయిపోయింది. ట్యూనింగ్ పూర్తి సెమిటోన్ల లెక్కనే కదిలే మెషిన్ అయితే ఆ 0.2 మిగిలిపోయి మీ బేస్‌లైన్‌తో కీచులాడుతుంది, అందుకని రికార్డ్ చేసేటప్పుడే టర్న్‌టేబుల్ పిచ్ ఫేడర్‌ని మైనస్ 1.1 శాతం దగ్గర పెట్టండి, అప్పుడు సరిగ్గా 5 సెమిటోన్లు పెరుగుతుంది. లేదా ప్లస్ 4.8 శాతం పెడితే సరిగ్గా 6 సెమిటోన్లు, ఇంకొంచెం టైమ్ మిగులుతుంది కాబట్టి నాకు ఇదే నచ్చుతుంది. 7 కావాలంటే ప్లస్ 11 శాతం పోవాలి, మామూలు ప్లస్ మైనస్ 8 శాతం టర్న్‌టేబుల్‌లో అది కుదరదు. 78 అయితే 14.7 సెమిటోన్లు, మీ మెషిన్ అంత కిందికి దిగుతుందో లేదో ముందే చూసుకోండి, చాలావాటికి ఒక ఆక్టేవ్ దాటి పోవు, అంతా ఎక్కించాక తెలిస్తే ఏడుపొస్తుంది.

రికార్డ్ లేకుండా కంప్యూటర్ నుంచి పంపేవాళ్ళకి ఇంకా తేలిక. ఏ ఎడిటర్‌లో అయినా టైమ్-స్ట్రెచ్ ఆపేసి, అంటే స్పీడూ పిచ్చూ రెండూ కలిసి మారేలా పెట్టి, కావలసినన్ని సెమిటోన్లు పైకి లేపి ప్లే చేసి శాంప్లర్‌లోకి పంపండి. 12 లేపితే సరిగ్గా రెండు రెట్లు స్పీడ్, లోపల 12 దించితే సరిగ్గా పాత పిచ్, పాయింట్ల గొడవే లేదు. టేప్ మెషిన్‌లో రెండు స్పీడ్లుంటే అది కూడా ఇదే పని చేస్తుంది.

దీనికి కట్టే మూల్యం ఏంటంటే పైన ఉండే ఫ్రీక్వెన్సీలు. ఎస్పీ-1200లో 26.04లో సగం, అంటే 13 కిలోహెర్ట్జ్ పైన ఏదీ ఎక్కదు. 45లో తిప్పినప్పుడు అసలు పాటలోని 9.6 కిలోహెర్ట్జ్ కాస్తా 13 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, దానికి పైనున్నదంతా గోవిందా. రెండు రెట్లు లేపితే 6.5 పైనున్నది గోవిందా. పైగా ఎస్పీ-1200 పిచ్ మార్చేటప్పుడు మధ్య అంకెల్ని లెక్కగట్టి నింపదు, ఉన్న అంకెనే రిపీట్ చేసుకుంటూ పోతుంది, దాంతో ఆ గరుకు, ఆ గంట మోగినట్టు ఉండే మోత వస్తుంది. ఇవాళ జనం ఆ మెషిన్ మీద పడి చచ్చేది ఆ మోత కోసమే అనుకోండి, మెమరీ మిగుల్చుకోడానికి చేసిన పని చివరికి స్టైల్ అయి కూర్చుంది. ఆ గరుకు ఎక్కువైపోతే అవుట్‌పుట్ మార్చి చూడండి, ఆ మెషిన్‌లో 1, 2 ఛానెళ్ళకి కదిలే ఫిల్టర్, 3 నుంచి 6 దాకా ఫిక్స్‌డ్ ఫిల్టర్, 7, 8కి అసలు ఫిల్టరే లేదు, కాబట్టి బేస్, లూప్ లాంటివి మొదటి రెండింట్లో, హ్యాట్లు చివరి రెండింట్లో పెడితే సగం సమస్య అక్కడే పోతుంది.

ఎస్900, ఎస్950 కథ వేరు, అక్కడ ఒక్కో వాయిస్ (ఒకేసారి మోగే ఒక్కో శబ్దం) గడియారమే వేగం మార్చుకుంటుంది, రిపీట్ గోల లేదు, అందుకే పిచ్ దించినా నున్నగా ఉంటుంది. ఇంకో మాట, రేట్ మార్చుకోగలిగిన మెషిన్‌లో స్పీడ్ రెండు రెట్లు చేసి తీసుకోవడం, రేట్ సగానికి తగ్గించి తీసుకోవడం, రెండూ లెక్కప్రకారం ఒకటే మెమరీ, ఒకటే బ్యాండ్‌విడ్త్. ఎస్950 ఉన్నవాళ్ళు కూడా కష్టపడి 45లో తిప్పుతుంటారు, ఎందుకో అర్థం కాదు, ఊరికే బ్యాండ్‌విడ్త్ అంకె తగ్గిస్తే సరిపోయేదానికి. రేట్ అట్టడుగుకి దించినా చాలకపోతే అప్పుడు రెండూ కలిపి వాడండి, అది వేరే విషయం.

స్పీడ్ పెంచి పంపేటప్పుడు లెవెల్ విషయంలో జాగ్రత్త. ఎస్పీ-1200, ఎస్900 లాంటివి 12 బిట్ మెషిన్లు (ఒక్కో అంకెకి 12 బిట్ల చోటు), అంటే అటూఇటూగా 72 డీబీ (డెసిబెల్) రేంజ్, మీరు 12 డీబీ తక్కువలో రికార్డ్ చేస్తే రెండు బిట్లు గాల్లో కలిసినట్టే, ఆ తర్వాత పిచ్ దించితే ఆ బుసబుస కూడా కిందికి దిగి ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. క్లిప్ అవ్వడానికి (లెవెల్ ఎక్కువై శబ్దం చిట్లిపోవడానికి) వెంట్రుకవాసి కింద ఉండేలా పెట్టుకోండి.

స్పీడూ రేటూ పక్కనపెడితే, అసలు ఎక్కువ ఆదా అయ్యేది కత్తిరింపులో. నాలుగు బార్ల డ్రమ్ బ్రేక్ (పాటలో డ్రమ్స్ ఒక్కటే మోగే చోటు) మొత్తం ఎక్కించే బదులు దాంట్లోంచి ఒక కిక్, ఒక స్నేర్, ఒక హ్యాట్, బాగున్న ఒక ఘోస్ట్ నోట్ (మెల్లగా తగిలే దెబ్బ) తీసుకుని సీక్వెన్సర్‌లో (ఏ శబ్దం ఎప్పుడు మోగాలో రాసుకుని వాయించేది) మళ్ళీ అదే ప్యాటర్న్ వాయించండి. 10 సెకన్ల పని ఒక సెకనులో అయిపోతుంది, స్వింగ్ కూడా మీ చేతిలోకి వస్తుంది. బ్రేక్‌లో ఆ గది గాలి, ఆ వెనక ఊగుతున్న హ్యాట్ కావాలంటే మాత్రం ఒక బార్ ఉంచుకోండి, తప్పదు. ఎస్పీలో లూప్ 2.5 సెకన్లు దాటితే రెండు ముక్కలు చేసి రెండు ప్యాడ్‌ల మీద పెట్టండి, కోసే చోటు మాత్రం ఏదైనా గట్టి దెబ్బకి సరిగ్గా ముందు ఉండాలి, స్నేర్ మొదలయ్యే ముందు కోస్తే అతుకు ఆ స్నేర్ చప్పుడులో కలిసిపోతుంది, తీగ వాద్యం సాగుతున్న చోట కోశారా, ప్రతి బార్‌కీ టక్కుమంటుంది.

తోకలు కూడా కోసేయండి. స్నేర్ వెనక రెవర్బ్ (గది మోత) ఒక సెకను సాగుతుంటే ఆ సెకను మీరు కొనుక్కుంటున్నట్టే, 0.2 దగ్గర కోసి, కోసిన చోట టక్కుమనకుండా చిన్న డికే (శబ్దం మెల్లగా తగ్గిపోవడం) పెట్టి, బయట రెవర్బ్ యూనిట్‌తో ఆ తోక మళ్ళీ పుట్టించుకోవచ్చు. ముందువైపు కూడా చూడండి, రికార్డ్ నొక్కిన క్షణానికీ శబ్దం మొదలైన క్షణానికీ మధ్య ఉండే ఖాళీ చిన్నదే కానీ 30 శబ్దాలకి కలిపితే బాగానే తేలుతుంది, పైగా అది ఉంటే టైమింగ్ కూడా లాగుతుంది. ఇంకోటి, స్టార్ట్, ఎండ్ పాయింట్లు జరిపినంత మాత్రాన మెమరీ ఖాళీ అవదు, కత్తిరించిన ముక్క ఇంకా లోపలే పడుంటుంది. ఎంపీసీ2000లో ట్రిమ్ చేశాక డిస్కార్డ్ అని విడిగా కొట్టాలి, అప్పుడే చోటు వస్తుంది, మీ మెషిన్‌లో దాని పేరు వేరే ఉండొచ్చు కానీ అలాంటి ఆప్షన్ వెతికి పట్టుకోండి.

స్టీరియో జోలికి వీలైనంత వరకు పోకండి, సరిగ్గా రెట్టింపు తింటుంది. 16 బిట్, 44.1 మోనో అంటే సెకనుకి 88,200 బైట్లు, 2 ఎంబీ మెషిన్‌లో 23.8 సెకన్లు, స్టీరియో అయితే 12 కూడా రాదు. మోనో చేసేటప్పుడు కళ్ళు మూసుకుని రెండు ఛానెళ్ళూ కలిపేయకండి, ఒక్కోసారి ఫేజ్ తేడాతో (రెండు ఛానెళ్ళ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని) బేసో, కీబోర్డో మాయమైపోతుంది, ఎడమ ఒక్కటి, కుడి ఒక్కటి విడివిడిగా విని ఏది బాగుంటే అది తీసుకోండి. 60ల నాటి స్టీరియో రికార్డులు కొన్నింట్లో డ్రమ్స్ అన్నీ ఒక పక్క, పాట ఇంకో పక్క ఉంటాయి, అక్కడ ఒక ఛానెల్ తీసుకుంటే మెమరీ సగం, పైగా శుభ్రమైన డ్రమ్స్ ఫ్రీ.

స్ట్రింగ్స్, ప్యాడ్, ఆర్గన్ లాంటి సాగే శబ్దాలకి లూపింగ్ ఉండగా పొడుగ్గా రికార్డ్ చేయడం దండగ. మొదటి అర సెకను, అంటే విల్లు తగిలిన చప్పుడు, ఊపిరి, అది ముఖ్యం, ఆ తర్వాత నిలకడగా ఉన్న చిన్న ముక్క లూప్ చేస్తే నోట్ ఎంతసేపైనా సాగుతుంది. అతుకు వినిపిస్తుంటే ముందుకీ వెనక్కీ తిరిగే లూప్ పెట్టి చూడండి, అదీ కాకపోతే క్రాస్‌ఫేడ్ (ఒక చివర్ని ఇంకో చివర్లోకి మెల్లగా కలపడం). కీబోర్డ్ అంతటా పరచాలంటే ప్రతి నోట్‌కీ ఒక శాంపిల్ అక్కర్లేదు, నాలుగైదు నోట్లకి ఒకటి చాలు, బేస్‌కైతే మొత్తానికి ఒక్కటి.

ఒకే శాంపిల్‌ని పదిసార్లు వాడుకోవడం నేర్చుకోండి. ఎస్పీ-1200లో మల్టీ-పిచ్ పెడితే ఒకే శబ్దం ఎనిమిది ప్యాడ్‌ల మీద ఎనిమిది పిచ్‌లలో వస్తుంది, అదనంగా ఒక్క బైట్ కూడా తినదు. ఎన్సోనిక్ ఈపీఎస్, ఏఎస్ఆర్-10లలో వేవ్‌శాంపిల్ (అక్కడ శాంపిల్‌ని పిలిచే పేరు) కాపీ చేసేటప్పుడు పారామీటర్స్ ఓన్లీ అని ఎంచుకుంటే ఆడియో కాపీ అవదు, అదే డేటాని కొత్త స్టార్ట్, ఎండ్‌తో చూపిస్తుంది, ఒక లూప్‌ని పదహారు ముక్కలు చేసినా మెమరీ ఒక లూప్‌దే. టైమ్-స్ట్రెచ్, రీశాంపుల్ లాంటివి మాత్రం చాలా మెషిన్లలో కొత్త కాపీ తయారు చేస్తాయి, పాతదీ కొత్తదీ రెండూ పట్టేంత ఖాళీ ఉండాలి, అందుకని మెమరీ నిండకముందే ఆ పని కానిచ్చేసి పాతది డిలీట్ కొట్టండి.

మెమరీ బోర్డులు, ర్యామ్ సంగతి ఆఖర్న చెప్తున్నా ఎందుకంటే అందరూ ముందు దాని మీదకే పోతారు. ఎస్950ని 750 కేబీ బోర్డులతో 2.25 ఎంబీ దాకా పెంచొచ్చు, అవి అకాయ్ సొంత బోర్డులు. ఏఎస్ఆర్-10 16 ఎంబీ దాకా పోతుంది, 30 పిన్ సిమ్‌లు (పాత కంప్యూటర్ ర్యామ్ కార్డులు, ఫోన్ సిమ్ కాదు). ఎంపీసీ2000, 2000ఎక్స్‌ఎల్ 32 ఎంబీ దాకా, 72 పిన్ సిమ్‌లు. 32 ఎంబీ అంటే మోనోలో ఆరు నిమిషాల పైనే, ఇక పొదుపు పాఠాలు అక్కర్లేదు. ఏ సిమ్ పడితే ఆ సిమ్ తెచ్చి గుచ్చకండి, సైజు, స్పీడ్, జతగా పెట్టాలా ఒకటి చాలా అన్నది మాన్యువల్‌లో చూసుకునే కొనండి. మూత తీసే ముందు ప్లగ్ పీకి కాసేపు ఆగండి, పవర్ సప్లై కెపాసిటర్లలో కరెంట్ నిలవుంటుంది, ఆ పక్కకి చెయ్యి పోనీయకండి.

ర్యామ్ పెంచాక ఇంకో చిక్కు వచ్చిపడుతుంది, అది సేవ్ చేసేదెక్కడ? 1.44 ఎంబీ ఫ్లాపీలలో 32 ఎంబీ పెట్టాలంటే ఇరవైకి పైగా కావాలి, ఒక్కోటీ పెట్టి తీసేలోపు పాట మూడ్ కాస్తా పోతుంది. స్కజీ పోర్ట్ (బయట హార్డ్ డిస్క్ తగిలించే పాత కనెక్షన్) ఉంటే స్కజీటూఎస్డీ, బ్లూస్కజీ లాంటి ఎస్డీ కార్డ్ బోర్డు పెట్టించుకోండి, ఫ్లాపీ ఒక్కటే ఉన్న మెషిన్ అయితే గోటెక్ (ఫ్లాపీ డ్రైవ్ బదులు యూఎస్‌బీ స్టిక్ వాడనిచ్చేది). ఇవి శాంపిల్ టైమ్‌ని ఒక్క సెకను కూడా పెంచవు, కానీ లోడింగ్ త్వరగా అవుతుంది కాబట్టి ఒక పాటకి కావలసినవన్నీ ఒకేసారి లోపల ఇరికించాల్సిన పని తప్పుతుంది, డ్రమ్స్ ట్రాక్ చేసేసి ఆడియోగా రికార్డ్ చేసుకుని, మెమరీ మొత్తం తుడిచేసి, అదే సీక్వెన్స్ మీద లూప్‌లు ఫుల్ రేట్‌లో ఎక్కించుకోవచ్చు. సింక్ కోసం మిడి క్లాక్‌నో, టేప్ ఉంటే ఎస్ఎంపీటీఈనో (మెషిన్లని ఒకే టైమ్‌లో నడిపించే సంకేతాలు) డ్రమ్స్, లూప్‌లు రెండు పాస్‌లకీ ఒకేలా ఉంచండి, లేకపోతే రెండో పాస్ మూడో బార్‌కే పక్కకి జారిపోతుంది.